నగర పార్కులు, ఆటస్థలాలు, మున్సిపల్ గోల్ఫ్ కోర్సు: ఏ పని ముందు, ఏ పని తర్వాత

పార్కులు, పిల్లల ఆటస్థలాలు, క్రీడా మైదానాలు, ఈత కొలను, గోల్ఫ్ కోర్సు అన్నీ ఒకే విభాగం చూసుకోవాల్సి వచ్చినప్పుడు ఎక్కువ నష్టం జరిగేది పని తెలియక కాదు, పనుల వరుస తప్పడం వల్ల. విస్తీర్ణం కొలవకుండానే కోత తేదీలు వేస్తారు. స్ప్రింక్లర్లు సమంగా తడుపుతున్నాయో లేదో చూడకుండానే ఎరువు చల్లుతారు. గోల్ఫ్ గ్రీన్లు (హోల్ చుట్టూ చాలా పొట్టిగా కోసిన పచ్చిక) పూర్తిగా కోలుకోకముందే పోటీలకు ఒప్పుకుంటారు. కింది వరుసను మార్చకుండా పాటించండి. మీ దగ్గర లేని సౌకర్యం ఉంటే ఆ భాగం వదిలి తర్వాతి దానికి వెళ్లండి.

1. ఏముందో కొలిచి రాసుకోవడం

మొదటి పని జాబితా. ప్రతి స్థలానికీ ఒక సంఖ్య ఇచ్చి, నడిచి చూసి రాయాలి. పాత కాగితాల మీద ఉన్న విస్తీర్ణాన్ని నమ్మకండి. భవనాలు, దారులు, పొదలు తీసేయకుండా మొత్తం స్థలాన్నే పచ్చికగా చూపించిన పత్రాలు చాలా కనిపిస్తాయి.

జాబితాలో ఉండాల్సినవి:

- కోసే పచ్చిక చదరపు మీటర్లలో. యంత్రం వెళ్లే చోటు, చేతి కోత చోటు విడివిడిగా
- చెట్లు: రకం, కాండం చుట్టుకొలత, కొమ్మలు విరిగితే కింద ఏముంది (బెంచీ, దారి, పార్కింగ్)
- ఆట పరికరాలు: అమర్చిన సంవత్సరం, ఎత్తు, కింద పరిచిన పదార్థం, దాని లోతు
- నీటి వ్యవస్థ: పంపు, వాల్వులు, ప్రతి వాల్వు కింద ఎన్ని స్ప్రింక్లర్లు
- గోల్ఫ్: ఒక్కో గ్రీన్, ఒక్కో టీ (మొదటి దెబ్బ కొట్టే చోటు) విస్తీర్ణం, బంకర్ల (ఇసుక గుంటల) సంఖ్య, మురుగు పైపుల దారి

ప్రతి వస్తువు పక్కనా 1 నుంచి 5 వరకు స్థితి వేయండి. 5 అంటే కొత్తది, 1 అంటే వెంటనే మూసేయాల్సింది. ఇద్దరు వేరువేరుగా అంకెలు వేసి తర్వాత పోల్చుకుంటే లెక్క నికరంగా ఉంటుంది.

2. పనిని గంటల్లోకి మార్చడం

ఇక్కడే ఎక్కువ విభాగాలు తడబడతాయి. ముందు స్థలాలను మూడు తరగతులుగా విడగొట్టండి. ‘ఎ’ తరగతిలో జనం ఎక్కువగా వచ్చే ప్రధాన ఉద్యానాలు, ‘బి’లో వీధి పార్కులు, ‘సి’లో సహజంగా పెరగనిచ్చే అంచులు, వాగు గట్లు. అన్నింటినీ ‘ఎ’గా చూస్తామని మాట ఇస్తే చివరికి అన్నీ ‘సి’ అవుతాయి.

తర్వాత లెక్క. 1.8 మీటర్ల వెడల్పు కోసే మోవర్ గంటకు 6 కిలోమీటర్లు నడిస్తే కాగితం మీద గంటకు 10,800 చదరపు మీటర్లు కోస్తుంది. మలుపులు, చెట్ల చుట్టూ తిరగడం, ఒక వరుస మీద ఇంకో వరుస కొంత పడటం తీసేస్తే 75 శాతం మిగులుతుంది. అంటే 8,100 చదరపు మీటర్లు, సుమారు 0.8 హెక్టారు.

24 హెక్టార్ల పచ్చికకు ఒక విడత కోత 30 గంటలు. ఏడాదికి 30 విడతలైతే 900 గంటలు. అంచుల కోత, స్థలం నుంచి స్థలానికి ప్రయాణం, బ్లేడు పదును కలిపితే దీనికి మరో సగం చేరుతుంది: 1,350 గంటలు.

వారానికి 40 గంటలు పనిచేసే మనిషికి ఏడాదికి 2,080 గంటలు కనిపిస్తాయి. సెలవులు, శిక్షణ, వాన రోజులు, మరమ్మతులు తీసేసి 1,600 మించి లెక్కకట్టకండి. అంటే ఆ 24 హెక్టార్ల కోతే దాదాపు ఒక పూర్తికాల మనిషి పని. చెత్త ఎత్తడం, కత్తిరింపులు, నీటి మరమ్మతులకు ఇదే పద్ధతిలో గంటలు వేయండి. మొత్తం గంటలు మనుషుల గంటల్ని దాటితే విడతలు తగ్గించండి, లేదా స్థలాన్ని కింది తరగతికి మార్చండి. ఆ నిర్ణయాన్ని రాతపూర్వకంగా పై అధికారులకు పంపండి. నోటిమాటగా చెబితే ఫిర్యాదు వచ్చిన రోజున గుర్తుండదు.

3. పిల్లల ఆట పరికరాల తనిఖీ

అందానికంటే ముందు ఇది. మూడు రకాల తనిఖీలు వేరువేరుగా నడవాలి: రద్దీని బట్టి రోజూ లేదా వారానికోసారి కంటి చూపు తనిఖీ, ఒకటి నుంచి మూడు నెలలకోసారి బోల్టులు, గొలుసులు, అరుగుదల చూసే తనిఖీ, ఏడాదికోసారి పునాదులతో సహా పూర్తి తనిఖీ.

కంటి చూపు తనిఖీలో:

- గాజు ముక్కలు, విరిగిన ప్లాస్టిక్, పైకి తేలిన కాంక్రీటు పునాది
- ఉయ్యాల గొలుసు కొక్కేలు: నోరు 1 మిల్లీమీటరు కంటే ఎక్కువ తెరుచుకోకూడదు. తెరుచుకుంటే పిల్లలు వేసుకున్న బట్టల తాడు చిక్కుతుంది
- కంచె కడ్డీలు, నిచ్చెన మెట్ల సందులు: 89 నుంచి 229 మిల్లీమీటర్ల మధ్య సందు ప్రమాదకరం. ఒళ్లు దూరుతుంది, తల ఇరుక్కుంటుంది
- పరికరం చుట్టూ 1.8 మీటర్ల మేర అడ్డంకి లేని మెత్తని నేల. ఉయ్యాలలకు ముందూ వెనకా ఇంతకంటే ఎక్కువ కావాలి

కింద పరిచిన పదార్థం లోతే ప్రాణాలు కాపాడుతుంది. అమెరికా వినియోగదారుల భద్రతా కమిషన్ పట్టిక ప్రకారం 23 సెంటీమీటర్ల లోతు చెక్క ముక్కలు (వుడ్ చిప్స్) సుమారు 3 మీటర్ల ఎత్తు నుంచి పడితే కాపాడుతుంది. అదే లోతు ఇసుక 1.2 మీటర్ల వరకే. వదులుగా పోసిన పదార్థం అణిగిపోతుంది కాబట్టి మొదటిసారి 30 సెంటీమీటర్లు పోయండి.

తరచూ జరిగే పొరపాటు: లోతును అంచుల దగ్గర కొలవడం. పిల్లల కాళ్లు రాసుకునే ఉయ్యాల కింద, జారుడుబల్ల చివర గుంట పడుతుంది. కొలబద్ద దించాల్సింది అక్కడే. స్తంభాల మీద కావాల్సిన లోతుకు గీత గీసి ఉంచితే ఎవరు చూసినా తగ్గింది తెలుస్తుంది.

కదిలే ఫుట్‌బాల్ గోల్ ఫ్రేములను కూడా ఈ తనిఖీలోనే చేర్చండి. నేలకు బిగించని ఫ్రేము పిల్లలు వేలాడితే మీద పడుతుంది. ఆట అయ్యాక గొలుసు వేసి తాళం పెట్టాలి, లేదా పడుకోబెట్టాలి.

4. నీరు: ముందు కొలత, తర్వాతే సమయం

పచ్చిక మీద మచ్చలు కనిపిస్తే ఎరువు లోపమో తెగులో అనుకునే ముందు స్ప్రింక్లర్లను పరీక్షించండి.

ఒక వాల్వు పరిధిలో ఒకే రకం తిన్నని గోడల డబ్బాలు 20 సమాన దూరంలో పెట్టండి. గాలి లేని వేళ 15 నిమిషాలు నీరు వదలండి. ప్రతి డబ్బాలో ఎన్ని మిల్లీమీటర్ల నీరు పడిందో కొలిచి రాయండి. అన్నిటి సగటు, అతి తక్కువ పడిన అయిదు డబ్బాల సగటు తీయండి. రెండోదాన్ని మొదటిదానితో భాగించండి.

సగటు 6, తక్కువ వాటి సగటు 3.6 వచ్చిందనుకుందాం. నిష్పత్తి 0.60. పచ్చికకు 12 మిల్లీమీటర్లు కావాలంటే సగటు లెక్కన 30 నిమిషాలు చాలు. కానీ ఎండిన మూలకు 12 అందాలంటే 50 నిమిషాలు వదలాలి. అప్పటికి మిగతా చోట సగటున 20 మిల్లీమీటర్లకు పైనే పడి ఉంటుంది. సమయం పెంచితే ఎండిన చోటు తడుస్తుంది, తడిచోటు బురదవుతుంది. సరిచేయాల్సింది సమయం కాదు, స్ప్రింక్లర్ తలలు.

సరిచేసే వరుస:

1. వంగిన, నేలలోకి కూరుకుపోయిన తలలను నిటారుగా, నేల మట్టానికి తేవడం
2. ఒకే వాల్వు మీద ఒకే రకం నాజిల్ ఉండేలా మార్చడం
3. పీడనం చూడటం. ఎక్కువైతే నీరు పొగమంచులా ఎగిరిపోతుంది, తక్కువైతే వలయంగా దూరాన మాత్రమే పడుతుంది
4. మళ్లీ డబ్బాల పరీక్ష

వాలు నేలల్లో 30 నిమిషాల నీటిని పదేసి నిమిషాల మూడు విడతలుగా, మధ్యలో అరగంట విరామంతో ఇవ్వండి. తెల్లవారకముందే ముగిసేలా చూసుకోండి. సాయంత్రం తడిపితే ఆకు రాత్రంతా తడిగా ఉండి శిలీంధ్రం పడుతుంది. లెక్కకు ఒక అంకె గుర్తుంచుకోండి: హెక్టారుకు 25 మిల్లీమీటర్లు అంటే 2,50,000 లీటర్లు.

5. పార్కు పచ్చిక, చెట్లు

కోతలో ఒకే సూత్రం: ఒక్కసారికి ఆకు ఎత్తులో మూడో వంతు మించి తీయొద్దు. 6 సెంటీమీటర్ల వద్ద ఉంచాలనుకుంటే 9 కాకముందే కోయండి. వానల వల్ల ఆలస్యమైతే ముందు ఎత్తుగా కోసి, నాలుగు రోజులాగి దించండి. ఒకేసారి నేల దాకా గొరిగితే వేళ్లు కుంచించుకుపోయి కలుపు పైకొస్తుంది. కోసిన ముక్కలు ముద్దలు కట్టనంత వరకు అక్కడే వదిలేయండి, పోషకం తిరిగి నేలకే చేరుతుంది.

మైదానాల్లో గోల్ ముందు, మధ్య వృత్తంలో నేల గట్టిపడుతుంది. గుర్తులను ఏటా కొన్ని మీటర్లు పక్కకు జరపడం, సాధనను అంచులకు పంపడం ఏ ఎరువుకన్నా మేలు. వాన తర్వాత మైదానం తెరవాలా వద్దా అన్నది బుకింగ్ బల్ల దగ్గర తేల్చొద్దు. నేల మీద మడమ నొక్కితే నీరు ఊరితే మూసేయాలి. ఆ నియమాన్ని జట్లకు సీజన్ మొదట్లోనే ఇవ్వండి.

కొత్త చెట్టును, కాండం వెడల్పయి వేళ్లుగా మారే చోటు నేల మట్టానికి కనిపించేలా నాటాలి. పొట్టు 5 నుంచి 8 సెంటీమీటర్ల మందం పరిచి, కాండానికి తగలకుండా చుట్టూ ఒక అరచేయి ఖాళీ వదలండి. కాండం చుట్టూ కుప్ప పోస్తే బెరడు కుళ్లుతుంది.

6. గోల్ఫ్ గ్రీన్లు

ఆటగాడు కోర్సును గ్రీన్లను బట్టే తూస్తాడు. డబ్బు, శ్రద్ధ ముందు ఇక్కడికి రావాలి, ఆ తర్వాత టీలు, ఫెయిర్‌వేలు (టీ నుంచి గ్రీన్ దాకా ఉండే కోసిన పచ్చిక), చివరగా బంకర్లు. బంకర్లను తీర్చిదిద్దడానికి మనుషుల్ని పెట్టి గ్రీన్లను వదిలేసే కోర్సులు ఆటగాళ్లను పోగొట్టుకుంటాయి.

కోత ఎత్తు. రోజూ రద్దీగా ఉండే మున్సిపల్ కోర్సుకు గ్రీన్ 3 నుంచి 4 మిల్లీమీటర్లు, టీలు 10 నుంచి 13, ఫెయిర్‌వేలు 12 నుంచి 15, రఫ్ (పక్కన ఎత్తుగా వదిలే గడ్డి) 40 నుంచి 60 సరిపోతాయి. రీల్ మోవర్‌ను (తిరిగే బ్లేడ్ల చుట్టతో కోసే యంత్రాన్ని) రోజూ కాగితంతో పరీక్షించండి: రీల్ పొడవునా ఎక్కడ పెట్టినా కాగితం శుభ్రంగా తెగాలి. నలిగితే గడ్డి కొసలు చీలి తెల్లబడతాయి. కోత దిశను రోజూ మార్చండి. గ్రీన్ అంచు చుట్టూ వేసే చివరి రౌండును వారంలో రెండుమూడు రోజులు మానేయండి. ఒకే చక్రాల దారి పడితే అంచు చచ్చిపోతుంది.

వేగం. స్టింప్‌మీటర్‌తో (బంతి గ్రీన్ మీద ఎంత దూరం దొర్లుతుందో చూసే గాడి కడ్డీతో) కొలవడం అలవాటు చేసుకోండి. చదునైన చోట బంతిని గాడిలో పెట్టి, కడ్డీని అది తనంతట తాను జారేదాకా నెమ్మదిగా లేపండి. మూడు బంతులు ఒక దిశలో వదలండి. అవి ఒకదానికొకటి 20 సెంటీమీటర్ల లోపు ఆగాలి, లేదంటే మళ్లీ చేయాలి. ఆగిన చోటి నుంచి వెనక్కి మరో మూడు వదిలి, రెండు సగటుల సగటు తీయండి. రెండు దిశల తేడా 45 సెంటీమీటర్లు దాటితే అక్కడ వాలుంది, చోటు మార్చండి.

రోజువారీ ఆటకు 8 నుంచి 9.5 అడుగులు చాలు. అంతకంటే వేగం కోసం కోత దించితే ఎండల్లో గ్రీన్ పోతుంది. వేగం కావాలంటే ఎత్తు దించకుండా రోలర్ తిప్పండి. ఎండ ముదిరిన వారాల్లో ఎత్తు అర మిల్లీమీటరు పెంచి, కొన్ని రోజులు కోతకు బదులు రోలర్ వాడటం ఇంకా మంచిది.

రంధ్రాలు తీసి ఇసుక నింపడం. అడుగులు పడి నేల బిగుసుకుపోతుంది, గడ్డి కింద చచ్చిన కాడల పొర పేరుకుంటుంది. గొట్టపు టైన్లతో (నేలలో గుచ్చి మట్టిని బయటికి తీసే బోలు కడ్డీలతో) రంధ్రాలు తీయకపోతే నీరు పైనే నిలుస్తుంది. దీన్ని సరిగా చేయడం ఇలా:

1. గడ్డి జోరుగా పెరిగే కాలం ఎంచుకోండి. బెర్ముడా వంటి వేడి ఇష్టపడే గడ్డికి వేసవి మొదలు, బెంట్ వంటి చలి ఇష్టపడే గడ్డికి వసంతం లేదా చలికాలానికి ముందు. ఆట తక్కువని ఎదుగుదల లేని కాలంలో చేస్తే రెండుమూడు వారాల్లో పూడాల్సిన రంధ్రాలు నెలకు పైగా తెరుచుకునే ఉంటాయి.
2. వారం ముందు తేలికగా నత్రజని ఇవ్వండి: చదరపు మీటరుకు 2.5 గ్రాములు. 500 చదరపు మీటర్ల గ్రీన్‌కు 1,250 గ్రాముల నత్రజని. 46 శాతం యూరియా అయితే 2.7 కిలోలు. చల్లిన వెంటనే నీరు పెట్టాలి.
3. ఇసుక ముందే తెప్పించి ఆరబెట్టండి. 16 మిల్లీమీటర్ల టైన్, 75 మిల్లీమీటర్ల లోతు, 50 మిల్లీమీటర్ల ఎడం అయితే చదరపు మీటరుకు 400 రంధ్రాలు, వాటికి 6 లీటర్ల ఇసుక. 500 చదరపు మీటర్లకు 3 ఘనపు మీటర్లు. పైన పలచటి పొరకు ఇంకొంచెం కలపండి.
4. ఆ ఇసుక గ్రీన్ కింద ఉన్నదానితో సరిపోవాలి, గింజలు ఎక్కువగా 0.25 నుంచి 1 మిల్లీమీటరు మధ్య ఉండాలి. ముతక మీద సన్నది పడితే పొరల మధ్య నీరు నిలిచి వేళ్లు ఊపిరాడక చస్తాయి.
5. రంధ్రాలు తీసి, బయటికొచ్చిన మట్టి ముద్దలు ఎత్తేయండి. ఎండాక ఇసుక చల్లి, బ్రష్ లేదా చాపతో రంధ్రం నోటి దాకా నింపండి. సగం నింపితే తర్వాత గ్రీన్ గతుకులవుతుంది.
6. రోలర్ తిప్పి, నీరు పెట్టి, కోత ఎత్తు కొద్దిగా పెంచండి. మొదటి కొన్ని కోతలకు పాత రీల్ వాడండి, ఇసుక కొత్త పదునును తినేస్తుంది.

ఇలాంటి ఒక విడతలో గ్రీన్ ఉపరితలంలో 8 శాతం మారుతుంది. ఏడాదికి రెండు విడతలు వేస్తే 16 శాతం. 12 మిల్లీమీటర్ల టైన్‌తో అయితే 4.5 శాతమే, కాబట్టి విడతలు పెంచాలి. మధ్యలో రెండుమూడు వారాలకోసారి అర మిల్లీమీటరు పలచన ఇసుక చల్లుతూ ఉండండి.

హోల్ మార్చడం. కొత్త హోల్ గ్రీన్ అంచు నుంచి కనీసం నాలుగు అంగల దూరం లోపల, చుట్టూ మీటరు దాకా దాదాపు చదునుగా ఉండాలి. ముందు కొత్త హోల్ కోసి, ఆ మట్టి దిమ్మను పాత హోల్‌లో పెట్టండి. దిమ్మ ఎత్తుగా ఉంటే మోవర్ గొరిగేస్తుంది, పల్లంగా ఉంటే బంతి తడబడుతుంది. సమం చేసి నీరు పోయండి. హోల్ వ్యాసం 108 మిల్లీమీటర్లు, లోపలి కప్పు అంచు ఉపరితలానికి కనీసం 25 మిల్లీమీటర్ల కింద ఉండాలి.

బంతి పడిన గుంటలను సరిచేసేటప్పుడు చాలామంది పనిముట్టును కింద గుచ్చి పైకి లేపుతారు. అలా చేస్తే వేళ్లు తెగి అక్కడ గోధుమ మచ్చ మిగులుతుంది. చుట్టూ అంచుల నుంచి గడ్డిని మధ్యకు నెట్టి, పైనుంచి అదమాలి. మొదటి టీ దగ్గర బొమ్మతో ఒక పలక పెట్టండి.

టీ విస్తీర్ణం. ఏడాదికి ప్రతి 1,000 రౌండ్లకు (ఒకరు కోర్సును ఒకసారి ఆడితే ఒక రౌండు) సుమారు 9 చదరపు మీటర్లు, ఐరన్ క్లబ్బులతో (లోహపు తల కర్రలతో) ఎక్కువగా కొట్టే పార్ 3 (మూడు దెబ్బల్లో ముగించాల్సిన చిన్న హోల్) టీలకు, మొదటి టీకి 18. 40,000 రౌండ్ల కోర్సులో పార్ 3 టీ 720 చదరపు మీటర్లు ఉండాలి. అంతకంటే చిన్నదైతే ఎంత విత్తనం చల్లినా గడ్డి నిలవదు. టీని పెంచాలి, లేదా కొన్ని నెలలు బంతి కొట్టడానికి చాప వాడాలి.

7. టీ టైములు

టీ టైము అంటే ఒక జట్టు ఆట మొదలుపెట్టే సమయం. రద్దీ రోజుల్లో ఆదాయం కోసం జట్ల మధ్య ఎడం తగ్గించడం పెద్ద పొరపాటు. సాధారణంగా కోర్సును నిలిపేది మొదట వచ్చే పార్ 3. అక్కడ ఒక జట్టు టీ నుంచి కొట్టి, గ్రీన్ ఖాళీ చేయడానికి 11 నిమిషాలు పడుతుంటే, మీరు 8 నిమిషాలకోసారి పంపితే ప్రతి జట్టూ 3 నిమిషాలు వెనకబడుతుంది. పదో జట్టు వచ్చేసరికి అరగంట నిలబడుతుంది.

- గడియారంతో ఆ హోల్ దగ్గర పది జట్ల సమయం రాయండి, ఎడాన్ని ఆ సగటుకంటే తక్కువ చేయకండి
- 10 నిమిషాల ఎడంతో గంటకు 6 జట్లు, జట్టుకు నలుగురు చొప్పున 24 మంది
- రెండు గంటలకొక టైము ఖాళీగా వదలండి, వెనకబడినది అక్కడ సర్దుకుంటుంది
- కోత బృందం మొదటి జట్టుకంటే రెండు హోళ్లు ముందుండేలా పని మొదలుపెట్టాలి
- ఇసుక నింపే తేదీలను బుకింగ్‌లో ముందే చూపండి, ఆ రోజులకు రుసుము తగ్గించండి

8. ఈత కొలను

రోజువారీ పట్టిక చాలా మేర సరిపోతుంది: ఉచిత క్లోరిన్ (ఇంకా క్రిములను చంపగల క్లోరిన్) 1 నుంచి 3 పీపీఎం (పది లక్షల్లో భాగాలు), పీహెచ్ 7.2 నుంచి 7.8, తెరిచే ముందు, తర్వాత నిర్ణీత వ్యవధిలో కొలిచి సంతకం. నీటి అడుగున కాలువ మూత స్పష్టంగా కనిపించకపోతే ఎవరినీ దించకండి. క్లోరిన్, ఆమ్లం ఒకే గదిలో పక్కపక్కన పెట్టకూడదు, ఒకే చెంచా వాడకూడదు. అవి కలిస్తే విషవాయువు పుడుతుంది.

9. రుసుములు, పద్దు, మార్పిడి నిధి

పార్కు నడక, పిల్లల ఆటస్థలం అందరిదీ, వాటికి రుసుము వద్దు. శిక్షణ తరగతులు మధ్యలో ఉంటాయి, వాటి ఖర్చులో కొంత రుసుముగా తీసుకోవచ్చు. గోల్ఫ్ వంటి వ్యక్తిగత ప్రయోజనం తన ఖర్చు తాను భరించాలి. దీనికి గోల్ఫ్ పద్దును వేరుగా ఉంచండి. పార్కు సిబ్బంది కోర్సులో పనిచేసిన గంటలు అక్కడికే రాయండి, లేదంటే ఏది నష్టంలో ఉందో తేలదు.

రౌండు ఖర్చు = (ఏడాది నిర్వహణ + జీతాలు + మార్పిడి నిధి వాటా) ÷ అసలు ఆడిన రౌండ్లు. వాన వల్ల ఆగిన రోజులను కలిపి అంచనా వేసిన రౌండ్లతో భాగిస్తే రుసుము తక్కువగా కనిపిస్తుంది. తర్వాత వారాంతం ఉదయాలకు పెంచి, సాయంత్రాలకు, పిల్లలకు తగ్గించండి.

మార్పిడి నిధిని మర్చిపోతే పదిహేనేళ్లకు కోర్సు ఒక్కసారిగా కూలుతుంది. ప్రణాళికకు పనికొచ్చే ఆయుష్షు అంచనాలు: బంకర్ ఇసుక 5 నుంచి 7 ఏళ్లు, బంకర్ మురుగు పైపులు 5 నుంచి 10, టీలు 15 నుంచి 20, గ్రీన్లు 15 నుంచి 30, నీటి వ్యవస్థ 10 నుంచి 30. ఒక్కోదాని మార్పిడి ఖర్చును దాని ఏళ్లతో భాగించి, ఆ మొత్తాన్ని ఏటా పక్కన పెట్టండి. మొదటి భాగంలో 2 లేదా అంతకంటే తక్కువ స్థితి పడినవాటికి ఈ నిధి ముందు వెళ్లాలి.

10. గోడకు అంటించుకునే పట్టిక

రోజూ: ఆట పరికరాల చూపు తనిఖీ, గ్రీన్ కోత లేదా రోలర్, హోల్ స్థానం, టీ గుర్తులు జరపడం, కొలను పరీక్ష.

వారానికి: ఉయ్యాల కింద లోతు, మోవర్ల కాగితం పరీక్ష ఫలితాల పుస్తకం, స్టింప్‌మీటర్ కొలత, స్ప్రింక్లర్లు ఒక్కో వాల్వు తెరిచి చూడటం.

నెలకు: బోల్టులు, గొలుసులు, చేసిన గంటలు వేసిన గంటలతో పోల్చడం, ఫిర్యాదులను స్థలం వారీగా లెక్కించడం.

ఏడాదికి: నేల పరీక్ష (10 సెంటీమీటర్ల లోతు వరకు, ఒక్కో గ్రీన్ నుంచి 15 చోట్ల తీసి కలిపిన నమూనా), డబ్బాల పరీక్ష, చెట్ల తనిఖీ, ఆట పరికరాల పూర్తి తనిఖీ, స్థితి అంకెలు కొత్తగా వేయడం. పెద్ద గాలివాన వెళ్లిన మర్నాడు చెట్ల తనిఖీ పట్టికతో పనిలేకుండా జరగాలి, కొమ్మలు వేలాడే దారులను అది పూర్తయ్యేదాకా తెరవొద్దు.